బండికి పొడవు షాకులు వేసినా ముందు చక్రాల ట్రావెల్ (పైకీ కిందికీ కదలిక) పెరగలేదు, స్టీరింగ్ ఫుల్ కటింగ్‌లో టైరు తగులుతోంది

ట్రావెల్‌ని ఆపుతున్నది షాక్ కాదండీ, పై బాల్ జాయింట్ (పై ఆర్మ్ కొసన కప్పులో తిరిగే గుండు కీలు) అయ్యుంటుంది. చక్రాన్ని చాసిస్‌కి పట్టి ఉంచే ఆర్మ్‌లు 50 మి.మీ. పెంచానన్నారు కదా, చక్రం కిందికి వేలాడినప్పుడు జాయింట్ మెడ కప్పు అంచుకి ముందే ఆనేస్తుంది. మెడ మీద కొత్తగా మెరిసే గీత ఉందేమో చూడండి. ఉంటే యూనిబాల్ (ఇంకా ఎక్కువ కోణం వంగే గుండు బేరింగు) వేయాల్సిందే.

అందరూ వదిలేసేది స్ప్రింగు లేకుండా చక్రాన్ని పైకీ కిందికీ ఆడించి చూడటం.

1. చాసిస్‌ని స్టాండ్ల మీద పెట్టి స్ప్రింగు, షాక్ రెండూ విప్పేయండి.

2. హబ్ కింద జాకీతో 25 మి.మీ. చొప్పున లేపండి. ఆగిన ప్రతిసారీ స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పండి. టైరు, బ్రేక్ హోస్, టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) ఎండ్, సీవీ జాయింట్ (చక్రానికి ఇంజిన్ శక్తినిచ్చే యాక్సిల్ కీలు), ఏది ఎక్కడ పట్టేసిందో సుద్దతో గుర్తు పెట్టండి. నేల మీద నిలబెట్టి చూస్తే ఇవేవీ బయటపడవు.

3. లేపుతుంటే టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారుతోందా? టై రాడ్ పాతదే ఉంచేసి ఉంటారు. ఆర్మ్‌తో పాటు అదీ పెరగాలి.

4. టైరు ఆర్మ్‌కి తగిలితే చక్రం ఎంత తిరగాలో హద్దు పెట్టే స్టీరింగ్ స్టాప్ బోల్టు బయటికి తిప్పండి.

5. షాక్ పూర్తిగా సాగడానికి 12 మి.మీ. ముందే లిమిట్ స్ట్రాప్ (చక్రం మరీ కిందికి దిగకుండా ఆపే పట్టీ) బిగుసుకోవాలి. స్ట్రాప్ కూడా కొంత సాగుతుంది.

టైరు పైనుండే వీల్ ఆర్చిలో 40 మి.మీ. ఖాళీ ఉంచండి. లంకల్లో ఒండ్రు బురద ముద్దకట్టి ఆ సందుని పూడ్చేస్తుంది. అంతర్వేది వైపు సముద్రపు ఇసుకలో తిప్పితే యూనిబాల్స్‌ని అదే రోజు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, ఉప్పుకి తుప్పు పడతాయి.