చూపు 6/6 ఉన్నా బియ్యంలో మెరిక ఎందుకు కనిపించదు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నా భార్యకు 31 ఏళ్లు. రెండేళ్ల కింద ఎడమ కన్ను కదిపితే నొప్పి వచ్చి, వారంలో చూపు మసకబారింది. పరీక్షలు చేసి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్, అంటే మెదడు, వెన్నుపాము, కంటి నరాల పైపొర దెబ్బతినే జబ్బు) అన్నారు. ఇప్పుడు చూపు 6/6 ఉందని కంటి డాక్టర్ అంటున్నాడు. ఆమె మాత్రం సరిగ్గా కనిపిస్తలేదంటది, మధ్యాహ్నమైతే మరీ. బియ్యంలో మెరికలు వదిలేస్తది, ఎదురొచ్చిన చుట్టాలను పలకరించదు. ‘పని ఎగ్గొట్టనీకె యేషాలు’ అంటది మా అమ్మ. ఎవరిని నమ్మాలె?

జవాబు: మీ భార్యను నమ్మండి. డాక్టర్ చెప్పిందీ అబద్ధం కాదు. ఆయన చూపించే చార్టులో తెల్ల అట్ట మీద నల్లటి అక్షరాలుంటాయి. ఎమ్మెస్‌లో కంటి నరానికి వాపు వచ్చి తగ్గాక చాలామంది వాటిని మళ్లీ చదవగలుగుతారు. చాలాసార్లు పూర్తిగా తిరిగి రానిది, దగ్గర దగ్గర రంగులను విడదీసి చూసే శక్తి. తెల్ల బియ్యంలో తెల్ల మెరిక, స్టీలు గ్లాసులో నీళ్లు, ఒకే రంగు సిమెంటు మెట్లు, కాస్త దూరంలో మనిషి ముఖం, అన్నీ ఆ లెక్కలోవే. చుట్టాలను పలకరించకపోవడం పొగరు కాదు, పోల్చుకోలేకపోవడం. ఎదురైనవాళ్లే ‘నేను ఫలానా’ అని ముందు మాట కలిపితే ఆమె గడప దాటడానికి జంకదు. ఈ జబ్బులో మనుషులు ఇంటికే పరిమితమై కుంగిపోయేది ఇక్కడే.

అమ్మకు మాటలతో చెబితే ఎక్కదు. పల్చటి పాలిథిన్ కవరు రెండు మడతలు పెట్టి అమ్మ కళ్ల ముందు అద్దాల్లా పట్టండి. గోడ క్యాలెండర్‌లో పెద్ద తేదీలు చదివేస్తుంది. ఆ కవరు తీయకుండానే చేట చేతికిచ్చి మెరికలు ఏరమనండి, తడబడుతుంది.

మధ్యాహ్నం మసక కూడా నిజమే. ఒంటి వేడి కొద్దిగా పెరిగినా, దెబ్బతిన్న నరంలో సంకేతాలు నిలిచిపోతాయి. 1890లో ఉట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు గుర్తించిన లక్షణం ఇది. ఒళ్లు చల్లబడితే చూపు తిరిగొస్తుంది, నరానికి కొత్తగా నష్టం జరగదు. మన ఎండకు పొయ్యి సెగ తోడవకుండా ఎండాకాలం వంట పొద్దున 8 లోపు ముగించండి. మెడ మీద తడి తువ్వాలు, కొంచెం కొంచెంగా చల్లటి నీళ్లు పనిచేస్తాయి. చల్లబడ్డా మసక వీడక 24 గంటలు దాటినా, నొప్పి మొదలైనా న్యూరాలజిస్టుకు ఫోన్ చేయండి. జ్వరం, మూత్రంలో మంట ఉన్నాయేమో కూడా చెప్పండి. ఇన్ఫెక్షన్ వచ్చినా పాత లక్షణాలు బయటపడతాయి.

ఒక్క పని మాత్రం చేయకండి: కన్ను మసకబారిందని ఊళ్లో స్టెరాయిడ్ మాత్రలు కొని వేయొద్దు. మామూలు మోతాదు ప్రెడ్నిసోన్ మాత్రలు మాత్రమే వాడినవాళ్లలో కంటి నరం వాపు తిరగబెట్టడం ఎక్కువగా ఉందని 1992లోనే అమెరికా పరిశోధనలో తేలింది. అవసరమైతే ఆసుపత్రిలో మిథైల్ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 1 గ్రాము చొప్పున, సాధారణంగా 3 నుంచి 5 రోజులు ఎక్కిస్తారు. దానితో చూపు త్వరగా కోలుకుంటుంది, అంతకుమించి ఆశించొద్దు.

ఇంట్లో ఖర్చు పెద్దగా లేదు. బియ్యం నల్లటి లేదా ముదురు నీలం బట్ట మీద పోసి ఏరాలి. మజ్జిగ ముదురు రంగు గ్లాసులో పోయాలి. ప్రతి మెట్టు అంచున రెండంగుళాల పసుపు రంగు పట్టీ వేయించండి. బల్బు వెలుగు కళ్లలో పడకుండా పని మీద పడేలా పక్కన పెట్టండి. రోడ్డు దాటేటప్పుడు మాత్రం తోడుండాలి. ఒక కంటి సంకేతం ఆలస్యంగా చేరితే, వచ్చే బండి ఎంత దూరంలో ఉందో తప్పుగా తోస్తుంది.

ఈసారి పరీక్షలో లేత బూడిద రంగు అక్షరాల చార్టు, ఓసీటీ (కంటి నరం పొర మందాన్ని చూపే స్కాన్) అడగండి. ఏయే పనుల్లో తడబడుతుందో ముందే చీటీ మీద రాసుకోండి. డాక్టర్ ముందు ఆ చీటీ ఆమెనే చెప్పనివ్వండి, మీరు మధ్యలో అందుకోకండి.