ఉచితంగా చదివించే ఆర్కైవ్‌లన్నీ ఒకటేనా?

ప్రశ్న: నేను సామాజికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఒక జర్నల్ ఆమోదించిన నా తొలి వ్యాసాన్ని అందరూ ఉచితంగా చదువుకునేలా ఆన్‌లైన్‌లో ఉంచాలనుకుంటున్నాను. మా గైడ్ గారు ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్ (సోషల్ సైన్స్ రిసెర్చ్ నెట్‌వర్క్) అనే ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో పెట్టమంటున్నారు, సహాధ్యాయులు సోషార్కైవ్ అనే మరో ఆర్కైవ్ మేలంటున్నారు. రెండూ పాఠకుల దగ్గర డబ్బు తీసుకోనప్పుడు తేడా ఎక్కడ ఉంది?
— ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: వ్యాసం దించుకుని చదివేవారికి ఈ రోజు కనిపించే తేడా తక్కువే. ఆ ఆర్కైవ్ ఎవరి ఆస్తి, రేపు దాన్ని ఎవరికైనా అమ్మవచ్చా అన్న దగ్గరే అసలు తేడా ఉంది.

ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్‌ను 1994లో మైకేల్ జెన్సెన్, వేన్ మార్ ప్రారంభించారు. అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం, ఫైనాన్స్ రంగాలవారు జర్నల్‌లో అచ్చుకాకముందే తమ వ్యాసాలను అందులో పెట్టి, దాన్ని తమ ఉమ్మడి వేదికగానే భావించారు. కానీ అది మొదటినుంచీ ప్రైవేటు సంస్థే కనుక, 2016 మే నెలలో ఎల్సెవియర్ దాన్ని కొన్నప్పుడు వ్యాసాలిచ్చిన రచయితల అనుమతి ఎవరూ అడగనవసరం లేకపోయింది. చందా జర్నళ్ల వ్యాపారంలో అగ్రశ్రేణిలో ఉన్న ఆ ప్రచురణ సంస్థ 2013లో పరిశోధకులు తమ ఆధార గ్రంథాల జాబితాలు నిర్వహించుకునే మెండెలీని, 2017లో విశ్వవిద్యాలయాల ఆర్కైవ్‌లకు సాఫ్ట్‌వేర్ అందించే బీప్రెస్‌ను కూడా కొన్నది. ఎవరు ఏ అంశం చదువుతున్నారు, ఏ వ్యాసం ఎన్నిసార్లు డౌన్‌లోడ్ అవుతోంది అన్న సమాచారం అటువంటి సంస్థకు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

సోషార్కైవ్ ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్ అమ్ముడైన 2016లోనే మొదలైంది. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ సామాజికశాస్త్రవేత్త ఫిలిప్ కోహెన్ నాయకత్వంలో, సెంటర్ ఫర్ ఓపెన్ సైన్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ నడిపే వేదికపై దాన్ని నెలకొల్పారు. వచ్చిన వ్యాసం ఆర్కైవ్‌కు తగినదా కాదా అని మాత్రమే అక్కడివారు చూస్తారు, పీర్ రివ్యూ (అదే రంగంలోని ఇతర నిపుణుల చేత సమీక్ష) చేయరు.

నా మొగ్గు సోషార్కైవ్ వైపే. అయితే లాభాపేక్ష లేనంత మాత్రాన ఖర్చు లేకుండా పోదు. ఆ సెంటర్ తన వేదికను వాడుకునే ఆర్కైవ్‌ల నుంచి రుసుము కోరడం మొదలుపెట్టాక, ఇండోనేషియా పరిశోధకులు నడిపిన ఐఎన్‌ఏ-ఆర్కైవ్ ఆ భారం మోయలేక అక్కడ కొత్త వ్యాసాలు తీసుకోవడం ఆపవలసివచ్చింది. ఇటువంటి ఆర్కైవ్‌లను నిలబెట్టవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాలదీ గ్రంథాలయాలదీ అని నేను గట్టిగా నమ్ముతాను. ఖరీదైన జర్నల్ చందాలకు నిధులు వెచ్చించే సంస్థలు వీటికి కొంత కేటాయించకపోవడం అన్యాయం.

పరిశోధకులు వ్యాసాలు పెట్టుకునే మరో వెబ్‌సైట్ అకాడెమియా.ఈడీయూ పేరులోని ‘ఈడీయూ’ చూసి అది విద్యాసంస్థ అని పొరబడకండి, అదీ వాణిజ్య సంస్థే. 2013 చివర్లో అక్కడ రచయితలు పెట్టుకున్న తమ సొంత వ్యాసాలను తీసివేయాలని ఎల్సెవియర్ నోటీసులు పంపింది. ఆ చిక్కు మీకు రాకూడదంటే ఏ ఫైలు పెడుతున్నారో చూసుకోండి. జర్నల్ పేరు, పేజీ సంఖ్యలతో అచ్చుకు సిద్ధమైన పీడీఎఫ్‌ను బయట పెట్టడానికి చందా జర్నళ్లు సాధారణంగా ఒప్పుకోవు. సమీక్షకులు సూచించిన సవరణలు చేసి మీరు పంపిన చివరి ప్రతిని మాత్రం, కొన్ని నెలల గడువు తరువాతనైనా, చాలా జర్నళ్లు అనుమతిస్తాయి. మీ జర్నల్ నిబంధన ఏమిటో, జర్నళ్ల నిబంధనలను ఒకచోట చూపే ఓపెన్ పాలసీ ఫైండర్ (పూర్వపు షెర్పా రోమియో) వెబ్‌సైట్‌లో వెతకండి, సంతకం చేసిన ఒప్పందంతో సరిపోల్చుకోండి.

మీ గైడ్ గారి మాటనూ తోసిపుచ్చనక్కరలేదు. మీ అంశం న్యాయశాస్త్రానికో అర్థశాస్త్రానికో దగ్గరైతే ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్‌లో పాఠకులు ఎక్కువగా దొరుకుతారు. వ్యాసంపై ప్రత్యేక హక్కులను రెండింటిలో ఏదీ అడగదు కనుక, ఒప్పందం అనుమతిస్తే రెండుచోట్లా ఉంచవచ్చు. ముందు సోషార్కైవ్‌లో పెట్టి, అచ్చయ్యాక జర్నల్ ఇచ్చే డీఓఐని (వ్యాసానికి ఉండే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు సంఖ్యను) రెండుచోట్లా చేర్చండి. ఈలోగా ఆ చివరి ప్రతిని, ఆమోద లేఖను మీ దగ్గర విడిగా భద్రపరచుకోండి.