ఒక మడి తడిశాకే రెండో మడి

ప్రశ్న: అక్కా, మాది అచ్చంపేట దగ్గర చిన్న ఊరు. గ్రూప్స్‌కు చదువుతున్నాను. మా సార్ పద్దెనిమిది క్లాసుల వీడియోలు గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపారు. ఒక్కోటి 1.2 జీబీ. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, ల్యాప్‌టాప్‌లో అన్నీ సెలెక్ట్ చేసి డౌన్‌లోడ్ కొడుతున్నాను. సగం దాకా వచ్చి ఫెయిల్ అంటోంది, మళ్లీ మొదటికే వస్తోంది. స్పీడ్ టెస్ట్‌లో 2 చూపిస్తోంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్. పది రోజులైంది, ఒక్క క్లాసూ చూడలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తప్పు నీ ల్యాప్‌టాప్‌ది కాదు, సార్ పంపిన లింకుది కూడా కాదు. లెక్క ఎక్కడ తప్పిందో ముందు చూద్దాం.

స్పీడ్ టెస్ట్ చూపించే 2 అంటే సెకనుకు రెండు మెగాబిట్లు. ఫైలు సైజు ఉండేదేమో మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే నీకు సెకనుకు వచ్చేది పావు ఎంబీ. ఈ లెక్కన ఒక్క వీడియోకే గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. పద్దెనిమిదీ కలిపితే ఎక్కడా ఆగకుండా ఇరవైనాలుగు గంటలు. అంతసేపు ఆగకుండా నడిచే నెట్ మన ఊళ్లలో ఎక్కడుంది?

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. డ్రైవ్‌లో చాలా ఫైళ్లు ఒకేసారి సెలెక్ట్ చేసి డౌన్‌లోడ్ కొడితే అది వాటిని విడివిడిగా పంపదు, జిప్ అనే మూటలుగా కట్టి పంపుతుంది. ఒక్కో జిప్ సుమారు 2 జీబీ దాకా ఉంటుంది. నీకు రోజుకు ఉన్నది 1.5 జీబీ. అది అయిపోగానే చాలా ప్లాన్లలో స్పీడ్ 64 కేబీపీఎస్‌కు, అంటే సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. ఆ స్పీడ్‌లో ఒక్క 1.2 జీబీ వీడియో రావడానికే నలభై గంటలు దాటుతుంది. అంటే అన్నీ కలిపి పెడితే నువ్వు ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఒక్క రోజులో పూర్తయ్యే దారే లేదు. పైగా అప్పటికప్పుడు కట్టే జిప్ మధ్యలో తెగితే, తెగిన చోటి నుంచి అందుకోవడం చాలావరకు కుదరదు. పది రోజులూ నీ డేటా ఇలాగే పోయింది. నాకే ప్రాణం ఉసూరుమంది.

మా నాయన కల్వకుర్తి దగ్గర ఒక్క బోరుతో వ్యవసాయం చేసేవాడు. ఇంచు నీళ్లు పోసే బోరు. కాలువ పొడుగునా ఉన్న మడులన్నిటికీ ఒకేసారి గండి తీస్తే ఏ మడిలోనూ నీళ్లు నిలవవు. అందుకని పారతో మొదటి మడికి గండి తీసి, అది నిండాక మట్టి వేసి తొక్కి, అప్పుడు రెండో మడికి వదిలేవాడు. రాత్రి కరెంటు పోయినా తడిసిన నాలుగు మడులు తడిసినట్టే ఉండేవి. నువ్వూ అలాగే చెయ్యి. వీడియోలు ఒక్కొక్కటే విడిగా క్లిక్ చేసి దించుకో. మొదటిది పూర్తయ్యేదాకా రెండోదాని జోలికి పోవద్దు. మొత్తం పట్టే టైము తగ్గదు, కానీ రేపు పొద్దున నీ చేతిలో చూడదగ్గ క్లాసు ఒకటి ఉంటుంది.

ఈ మాట నేను చదివి చెప్పడం లేదు, పోగొట్టుకుని చెబుతున్నాను. ఒకసారి మా అమ్మాయి కాలేజీ పనికి ఒక సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చింది. తొమ్మిది ముక్కలుగా ఉంది. తొమ్మిదీ ఒకేసారి పెట్టి పడుకున్నాను. తెల్లవారుజామున కరెంటు పోయి రౌటర్ ఆగింది. లేచి చూస్తే ఒకటి 94 శాతం, ఒకటి 91, ఇంకోటి 88. ఒక్కటీ పూర్తి కాలేదు. రెజ్యూమ్ నొక్కితే అన్నీ సున్నా నుంచి మొదలయ్యాయి. ఒక్కొక్కటే పెట్టి ఉంటే ఏడో ఎనిమిదో ముక్కలు భద్రంగా ఉండేవి.

అలా సున్నాకు ఎందుకు పోతుందంటే, రెజ్యూమ్ నొక్కినప్పుడు బ్రౌజర్ సర్వర్‌ను, అంటే ఫైలు ఉన్న అవతలి కంప్యూటర్‌ను అడుగుతుంది: నా దగ్గరికి ఇన్ని బైట్లు వచ్చాయి, ఆ తర్వాత నుంచి పంపు అని. ఆ ఏర్పాటు ఉన్న సర్వర్ 206 అనే కోడ్‌తో మిగతా ముక్క మాత్రమే పంపుతుంది. లేనిది మొత్తం ఫైలు మొదటి నుంచి పంపుతుంది. లింకు గడువు తీరిపోయినా మళ్లీ మొదటి నుంచే మొదలుపెట్టాలి. కాబట్టి ఏ పెద్ద ఫైలైనా మొదలుపెట్టిన నిమిషంలోనే పాజ్ కొట్టి, మళ్లీ రెజ్యూమ్ కొట్టి చూడు. ఆగిన చోటి నుంచే సాగితే ధైర్యంగా వదిలెయ్. డ్రైవ్‌లో విడి ఫైళ్లకు ఇది చాలావరకు పనిచేస్తుంది.

రోజువారీ డేటా చాలా ప్యాకుల్లో అర్ధరాత్రి పన్నెండుకు కొత్తగా మొదలవుతుంది. రోజుకొక్క వీడియో పెట్టుకుంటే ఫోన్‌కు 0.3 జీబీ మిగులుతుంది. ఆ మిగిలింది పోకుండా వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపెయ్. ల్యాప్‌టాప్‌లో వైఫై సెట్టింగ్స్‌కు వెళ్లి నీ హాట్‌స్పాట్‌ను మీటర్డ్ కనెక్షన్‌గా పెట్టు, లేకపోతే విండోస్ అప్‌డేట్ నీ డేటాను మింగుతుంది. ఛార్జర్ పెట్టి ఉన్నంతసేపు స్లీప్‌లోకి పోకుండా కూడా చూసుకో.

ఒకవేళ మీది రేకుల ఇల్లయితే ఫోన్ లోపల పెట్టకు. ఇనుప రేకు సిగ్నల్‌ను బాగా అడ్డుకుంటుంది. ఎండ, వాన తగలకుండా అరుగు మీదో కిటికీ బయటో పెట్టి, ల్యాప్‌టాప్ లోపల ఉంచుకో. హాట్‌స్పాట్ ఒక గోడ దాటి మామూలుగానే అందుతుంది. మా చిన్నమ్మ వాళ్ల ఇంట్లో లోపల ఒక గీత కూడా నిలవని సిగ్నల్, వాకిట్లో వేపచెట్టు కింద మూడు గీతలు చూపించింది.

ఇంకోమాట. సార్‌ను అడగడానికి మొహమాటపడకు. ఆ వీడియోల క్వాలిటీని 480పీకి తగ్గించి పెట్టమను. బోర్డు మీద రాత కనబడితే చాలు కదా, సైజు బాగా తగ్గుతుంది. అంతకన్నా సులువు, సార్ హైదరాబాద్‌లో ఉంటే 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఆర్టీసీ కార్గోలో అచ్చంపేటకు పంపమను. అన్ని క్లాసులూ ఒకేసారి నీ చేతికి వస్తాయి, డేటా ఒక్క ఎంబీ కూడా ఖర్చు కాదు. నేనైతే అదే చేస్తాను. పార్సిల్ వచ్చేలోగా నీకు బాగా కష్టమనిపించే సబ్జెక్టు క్లాసు ఒకటి ఈ రాత్రే దించుకుని మొదలుపెట్టు.

ప్రశ్న: నల్లగొండలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ఒక పెళ్లి వీడియో ఎడిటింగ్‌కు ఇస్తే ఐదు జీబీ ఫైలు పంపారు. రెండు రాత్రులు పట్టింది దించుకోవడానికి. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఫైలు చాలా పెద్దదని అంటోంది. అందులో ఇరవై జీబీ ఖాళీ ఉంది. ఫైలు పాడైందా?

జవాబు: పాడవలేదన్నా, దాన్ని డిలీట్ చేయకండి. మీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. ఎంత ఖాళీ ఉన్నా అందులో 4 జీబీ మించిన ఫైలు ఒక్కటి కూడా పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేస్తే పడుతుంది. ఫార్మాట్ కొడితే పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి పాత ఫొటోలు ముందే తీసి పెట్టుకోండి. కొన్ని పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు. పెళ్లివాళ్లు టీవీలోనే పెట్టుకుని చూస్తామంటే వీడియోను రెండు భాగాలు చేసి ఫ్యాట్32లోనే ఇవ్వండి.