పాత ఫొటోల్లో ఆకాశం ఎందుకు తెల్లబోయింది?

ప్రశ్న: 1860ల నాటి హిమాలయాలు, అమెరికాలోని యోసెమిటీ లోయ ఫొటోల్లో ఆకాశం ఉత్త తెల్లగా, నీళ్లు పాలలా, దూరపు కొండలు మంచులో మునిగినట్టు ఉంటాయి. అప్పటి వాతావరణమే అంతా, కెమెరా లోపమా?

జవాబు: వాతావరణం మామూలుదే. తేడా అంతా అప్పట్లో ఫిల్మ్‌కు బదులు వాడిన గాజు పలకది. తడి కొలోడియన్ (కాంతికి స్పందించేలా చేసిన జిగురు ద్రవం) పూసిన ఆ పలకకు నీలం, అతినీలలోహిత కాంతి మాత్రమే బాగా ఆనుతాయి. ఎరుపు, పసుపు దానికి దాదాపు చీకటే. నీలాకాశం, తెల్లమబ్బు ఒకేలా పడి మబ్బు మాయమవుతుంది, ఆకులు నల్లబడతాయి. మనకీ కొండకీ మధ్య ఉన్న గాలి నీలం కాంతినే ఎక్కువ చెదరగొడుతుంది. కాబట్టి మన కంటికి పల్చగా తోచే మసక, పలక మీద తెరలా దిగుతుంది. ఆ ఫొటోల లోతంతా ఈ ‘లోపం’ పెట్టిన భిక్షే!

నీళ్ల నునుపు మాత్రం లెన్స్ మూత సెకన్లు, ఒక్కోసారి నిమిషాలు తీసి ఉంచడం వల్ల వచ్చింది. పూత, ఎక్స్‌పోజర్ (పలకకు వెలుగు తగలనివ్వడం), డెవలపింగ్ (మందులో ముంచి బొమ్మ తేల్చడం) మూడూ పలక ఆరకముందే, పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. అందుకే అమెరికన్ ఫొటోగ్రాఫర్ కార్ల్‌టన్ వాట్కిన్స్ 1861లో 18×22 అంగుళాల పలకలతో పాటు చీకటి గుడారాన్నీ కంచర గాడిదల మీద యోసెమిటీకి తీసుకెళ్లాడు.

మబ్బులు కూడా కనిపించే ఫొటోలున్నాయి. 1856–57లో ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ గుస్తావ్ ల గ్రే కొన్నింటికి సముద్రానికో నెగటివ్, ఆకాశానికో నెగటివ్ తీసి ఒకే కాగితం మీద ప్రింట్ చేశాడు. నీరూ నింగీ కలిసే గీత దగ్గర అతుకు వెతకండి. ఒకే మబ్బు రెండు వేర్వేరు సముద్రాల మీద తేలడమూ కద్దు.

ప్రశ్న: ఇప్పటి కెమెరాతో ఆ రూపు వస్తుందా?

జవాబు: చాలావరకు వస్తుంది. రా ఫైల్‌గా (కెమెరా కుదించని ముడి ఫైల్) తీసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో రంగు ఎంత వెలుగ్గా పడాలో దిద్దే బ్లాక్ అండ్ వైట్ మిక్స్‌లో నీలం +60, ఎరుపు, పసుపు −60, ఆకుపచ్చ −30 దగ్గర మొదలుపెట్టండి. నీలాన్ని చివరిదాకా లాగితే ఆకాశంలో గింజలు, మరకలు లేస్తాయి. జేపెగ్‌లో మరీను. నీళ్లకు ట్రైపాడ్, పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగును దాదాపు వెయ్యో వంతుకు తగ్గించే నల్ల అద్దం) కావాలి. దాంతో 1/60 సెకను ఎక్స్‌పోజర్ దాదాపు 17 సెకన్లవుతుంది. ఫోకస్ ముందే చేసి లాక్ చేయండి, ఫిల్టర్ పెట్టాక ఏమీ కనపడదు. గాలి వీస్తే కొమ్మలు అలుక్కుపోతాయి, ఆనాటి వాళ్లకీ ఇదే బాధ.

సెపియా బటన్ జోలికి పోకండి, అది మొత్తానికి ఒకే రంగు పులుముతుంది. బంగారు టోనింగ్ చేసిన (బంగారు లవణంతో రంగు మార్చిన) ఆల్బుమెన్ ప్రింట్లలో, అంటే కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీది ఆనాటి ప్రింట్లలో, నీడలు ఊదా కలిసిన గోధుమరంగు. వెలుగుల్లోని లేత పసుపు, ఆ తెల్లసొన పాతబడి వచ్చింది. నీడలకో రంగు, వెలుగులకో రంగు విడివిడిగా ఇవ్వండి.