కవోరు, సెంతారో మాటల్లేకుండా ఎలా కలిశారు?

జపనీస్ యానిమే ధారావాహిక ‘సకామిచి నో అపోలోన్’ ఏడో భాగంలో, అప్పటిదాకా ఎడమొహం పెడమొహంగా ఉన్న స్నేహితులు కవోరు, సెంతారో ఒక్క క్షమాపణ మాటైనా లేకుండా ఎలా కలిసిపోయారని, నడుమ ఏదైనా సన్నివేశం చూడకుండా వదిలేశారేమోనని మీరు సందేహించారు. మీరేమీ వదిలేయలేదండీ, ఆ క్షమాపణ సంగీతంలోనే ఉంది.

పాఠశాల ఉత్సవంలో కరెంటు పోగానే, సెంతారో డ్రమ్ములు వాయిస్తున్న రాక్ బృందం గిటార్లు మూగబోతాయి. పియానోకు, డ్రమ్ములకు కరెంటుతో పని లేదు గనుక, సెంతారో బృందం ఇబ్బందిని చూసిన కవోరు పియానో అందుకుంటాడు, సెంతారో వచ్చి జత కలుస్తాడు. ఆ మేళవింపులో వినిపించే ‘మోనిన్’ అనే జాజ్ గీతం, మొదటి భాగంలో రికార్డుల దుకాణం నేలమాళిగలో సెంతారో డ్రమ్ములు వాయించడం విన్నాక, శాస్త్రీయ పియానో నేర్చిన కవోరు పట్టుదలతో సాధన చేసిన బాణీయే. అందువల్ల మొదటి భాగాన్ని మరోసారి చూసి, వెంటనే ఏడో భాగం చూడండి.

ఇక ప్రేమల సంగతంటారా, కవోరుకు రిత్సుకో, ఆమెకు సెంతారో, అతనికి యురికా, ఆమెకు జునిచి ఇష్టం కావడంతో ఆ గొలుసు కాస్త తికమక పెడుతుంది. నా దృష్టిలో కథకు ప్రాణం మాత్రం ఆ ఇద్దరు కుర్రవాళ్ల స్నేహమే.