రిసార్ట్ సరస్సులో పిల్లల్ని ఈతకు దింపొచ్చా?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. పిల్లలకు 7, 11 ఏళ్లు. ఆగస్టులో గుంటూరు నుంచి మా అత్తామామలు వస్తున్నారు. అందరం కలిసి ఓర్లాండో వెళ్తున్నాం. మేం బుక్ చేసిన రిసార్ట్ ముందు పెద్ద సరస్సు, ఇసుక ఒడ్డు, పడక కుర్చీలు ఉన్నాయి. కానీ నీళ్లలో దిగొద్దని బోర్డు పెట్టారట. అది మొసళ్ల గురించేనని మావారు అంటున్నారు. మామయ్యగారేమో ‘చిన్నప్పుడు కృష్ణలో ఈదినవాళ్లమే, మాకేమైంది’ అంటున్నారు. మెదడు తినే అమీబా గురించి విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. పోయిన వేసవిలో టెక్సస్‌లోనే ఒక సరస్సులో పిల్లలు రోజంతా ఆడారు. ఇప్పుడేమైనా పరీక్షలు చేయించాలా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న. ఏ పరీక్షా అక్కర్లేదు. ఈ జబ్బు వచ్చేదైతే నీళ్లలో దిగిన 12 రోజుల్లోపే, చాలామందిలో 5 రోజులకే బయటపడుతుంది. పోయిన వేసవి ఆట గురించి ఇక ఆలోచించకండి.

ఆగస్టు సంగతి వేరు. అమీబా పేరు నేగ్లేరియా ఫౌలెరి. ఉప్పు లేని వెచ్చటి నీళ్లంటే దానికి ఇష్టం. 46 డిగ్రీల సెల్సియస్ వేడిలో కూడా బతకగలదు, ఉప్పుగా ఉండే సముద్రపు నీళ్లలో మాత్రం బతకలేదు. ఫ్లోరిడా, టెక్సస్ సరస్సులు జులై, ఆగస్టు, సెప్టెంబరుల్లో బాగా వేడెక్కుతాయి. అమెరికాలో ఎక్కువ కేసులు ఈ రెండు రాష్ట్రాల్లోనే నమోదయ్యాయి.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ నీళ్లు కడుపులోకి వెళ్తే ఈ జబ్బు రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. దారి ఒక్కటే, ముక్కు. పిల్లలు దూకినప్పుడు, మునకలేసినప్పుడు, ట్యూబ్ మీంచి పడ్డప్పుడు నీళ్లు విసురుగా ముక్కు పైభాగానికి ఎక్కుతాయి. అక్కడ జల్లెడలా సన్నటి రంధ్రాలున్న ఎముక ఉంటుంది. వాసన నాడులు ఆ రంధ్రాల్లోంచే మెదడుకు వెళ్తాయి. అమీబా కూడా ఆ నాడుల వెంటే ఎక్కుతుంది. అడుగున ఉన్న బురదను కాళ్లతో కెలికితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

ఇది చాలా అరుదైన జబ్బు. అమెరికా మొత్తమ్మీద ఏడాదికి పది కేసులు కూడా ఉండవు. వస్తే మాత్రం బతకడం కష్టం. 1962 నుంచి 2024 వరకు అక్కడ 167 మందికి వస్తే నలుగురే బతికారు.

బోర్డు విషయంలో మీవారు చెప్పింది కొంతవరకు నిజమే. 2016 జూన్‌లో డిస్నీ వరల్డ్ సరస్సు ఒడ్డున, లోతు లేని నీళ్లలో ఉన్న రెండేళ్ల బాబును మొసలి లాక్కెళ్లింది. కాబట్టి ‘కాళ్లు తడుపుకోవడమే కదా’ అని కూడా అనుకోవద్దు. అమీబా కథ అంతకన్నా పాతది. అదే డిస్నీ వరల్డ్‌లో రివర్ కంట్రీ అని ఒక వాటర్ పార్కు ఉండేది. పక్కనున్న బే లేక్ నీళ్లనే వడకట్టి అందులో వాడేవారు. 1980లో అక్కడ ఈతకొట్టిన 11 ఏళ్ల బాబు ఈ అమీబా వల్లే చనిపోయాడు.

‘రిసార్ట్ వాళ్లు శుద్ధి చేయిస్తారుగా’ అని మరొకరు అనొచ్చు. 2016లో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో, మనుషులు కట్టిన రాఫ్టింగ్ కాలువలో పడవ బోల్తాపడి 18 ఏళ్ల అమ్మాయికి ఈ జబ్బు వచ్చింది. ఆ నీళ్లలో క్లోరిన్ వేసేవారు, అతినీలలోహిత కిరణాలతో శుద్ధి కూడా చేసేవారు. కానీ నీళ్లు మట్టితో మురిగ్గా ఉంటే క్లోరిన్ ఆ మట్టికే ఖర్చయిపోతుంది. అడుగు స్పష్టంగా కనబడే, క్లోరిన్ సరిగ్గా వేసిన పూల్‌లో ఈ భయం ఉండదు. రిసార్ట్‌లో పూల్ ఉంటే పిల్లల్ని అక్కడే ఆడించండి. వేరే సరస్సులో తప్పనిసరిగా దిగాల్సి వస్తే తల నీళ్లపైనే ఉండాలి, లేదా నోస్ క్లిప్ పెట్టాలి.

నిజానికి నాకు అమీబా కన్నా ఎక్కువ భయం పిల్లలు మునిగిపోవడం గురించే. అమెరికాలో ఏటా సుమారు 4 వేల మంది నీళ్లలో మునిగి చనిపోతున్నారు. సరస్సులో లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, మునిగిన పిల్ల పైనుంచి కనబడదు. సరస్సు నీళ్ల వల్ల విరేచనాలు, చెవి నొప్పి లాంటివి రావడం మామూలే. నీటి మీద ఆకుపచ్చ పెయింట్ ఒలికినట్టు తెట్టు కనిపిస్తే అది విషపు నాచు కావచ్చు, దగ్గరికి కూడా వెళ్లొద్దు.

సరస్సులో ఆడాక రెండు వారాల్లోపు పిల్లలకు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు వస్తే ఫ్లూ అనుకుని ఇంట్లో ఉంచొద్దు. మెడ పట్టేయడం, మాట తడబడటం, ఫిట్స్ ఆ తర్వాత వస్తాయి. లక్షణాలు మొదలయ్యాక సుమారు 5 రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ఎమర్జెన్సీలో అడుగుపెట్టగానే ‘ఫలానా రోజు సరస్సులో ఈదాడు, ముక్కులోకి నీళ్లు పోయాయి’ అని చెప్పండి. వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. వెన్నులోంచి తీసిన నీరు మామూలు బ్యాక్టీరియా మెనింజైటిస్‌లో (మెదడు పొరల వాపులో) ఉన్నట్టే కనిపిస్తుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఎదురుచూస్తే విలువైన సమయం పోతుంది. మీరు సరస్సు మాట చెబితే ఆ వెన్ను నీటి చుక్కను తాజాగా మైక్రోస్కోప్ కింద పెట్టి, కదిలే అమీబా ఉందేమో చూస్తారు. మందులున్నాయి. యాంఫోటెరిసిన్‌తో పాటు, మన దేశంలో కాలా అజార్ అనే జ్వరానికి వాడే మిల్టెఫోసిన్ కూడా ఇస్తారు. 2024లో కేరళలోని కోళికోడ్ జిల్లాలో 14 ఏళ్ల అబ్బాయి బతికి బయటపడ్డాడు. జబ్బును తొందరగా గుర్తించి ఈ మందులు మొదలుపెట్టడం వల్లే అది సాధ్యమైంది.

మీ మామగారి మాటను కొట్టిపారేయను. కృష్ణలో ఈదినవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మందికి ఏమీ కాలేదు. కాకపోతే ఆ రోజుల్లో ‘మెదడువాపు’తో పోయిన పిల్లలకు అది ఏ క్రిమి వల్ల వచ్చిందో మన పల్లెల్లో పరీక్షించినవాళ్లెవరు?

ఆయనకు జలనేతి (నీళ్లతో ముక్కు కడుక్కోవడం) అలవాటుంటే మరో మాట. 2011లో లూసియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు ఈ అమీబాతోనే చనిపోయారు. స్నానానికి, తాగడానికి హోటల్ నీళ్లు పర్వాలేదు. ముక్కులో పోసుకునే నీళ్లు మాత్రం తెర్లాక ఒక నిమిషం మరగనిచ్చి, చల్లార్చి వాడమనండి. కుదరకపోతే మందుల షాపులో డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొని గదిలో పెట్టుకోండి.