మా ఎంపీ ఏ బిల్లుకి ఎలా ఓటేశారో ఎక్కడ చూడాలి?

చాలా బిల్లులకి ఆ లెక్క దొరకదు. ఎక్కువ భాగం మూజువాణి ఓటుతోనే తేలిపోతాయి. ఆ కేకల్లో ఎవరి గొంతు ఎటో రికార్డుకెక్కదు. ఎవరైనా పట్టుబట్టి డివిజన్ (ఓట్ల లెక్కింపు) అడిగితేనో, రాజ్యాంగ సవరణ బిల్లయితేనో పేరుపేరునా నమోదవుతుంది. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకి లోక్‌సభలో 454–2 అని తేలింది, అది రాజ్యాంగ సవరణ కాబట్టే. తేదీ తెలిస్తే సన్సద్ డాట్ ఇన్‌లో ఆనాటి చర్చల ప్రతి తీసి పేర్లు చూసుకోవచ్చు. అయినా విప్ (ఇలా ఓటేయమనే పార్టీ ఆదేశం) జారీ అయ్యాక ధిక్కరిస్తే రాజ్యాంగంలోని పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) కింద సభ్యత్వానికే ముప్పు, కాబట్టి ఓటు పార్టీ మాటే అనుకోండి.

మనిషి పనితనం ప్రశ్నల్లో కనిపిస్తుంది. లోక్‌సభలో నక్షత్ర గుర్తు ప్రశ్నలు రోజుకి 20, మంత్రి సభలో నిలబడి చెప్పాలి; గుర్తు లేనివి 230, రాతలోనే జవాబు. ఒకే ప్రశ్న కింద నలుగురైదుగురి పేర్లుంటే అందరి ఖాతాలోనూ పడుతుంది. అందుకే అంకె వదిలేసి పాఠం చదవండి: ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి అడిగారా, ఊరికే దేశవ్యాప్త వివరాలా?

శ్రీకాకుళం, విజయనగరం ఎంపీలను మాత్రం పక్కపక్కన పెట్టి పోల్చకండి. శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు 2024 జూన్ నుంచి కేంద్ర మంత్రి. మంత్రులు హాజరు పట్టీలో సంతకం పెట్టరు, ప్రశ్నలు వేయరు, జవాబిస్తారు. ఆయన గడి ఖాళీగా ఉంటే సభకి ఎగ్గొట్టారని కాదు. 2014–2024 నాటి పద్దు చూడండి.